స్లాబు మీద మిగిలిన జాగ

"ఇయ్యాల తొమ్మిది దాటేటట్టు లేవు" అన్నాడు పరశురాములు ఫోన్‌లో.

హలో లేదు, ఏం చేస్తున్నవని లేదు. వాకిట్లో పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తున్న అనసూర్య జిగటైన వేళ్లతో పట్టుకోలేక, ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని వింటోంది. తొమ్మిదంటే యూనిట్లు. ఇంటి స్లాబు మీదున్న ఆరు సోలార్ ప్లేట్లు పొద్దున్నుంచి తయారుచేసిన కరెంటు. ఎండ బాగా కాస్తే పన్నెండు, పదమూడు రావాలి. ఆ లెక్క ప్లేట్ల కింద బతుకుతున్న అనసూర్యకు కనబడదు. మూడు కిలోమీటర్ల అవతల, శ్రీరాంపూర్ బొగ్గు బాయి దగ్గర లాంప్‌రూంలో కూర్చుని, కార్మికులు నెత్తికి పెట్టుకునే దీపాలను ఛార్జింగ్ పెట్టే ఆమె భర్త సెల్‌ఫోన్‌లో కనబడుతుంది.

"పొద్దుగాల కడిగినవా?"

"కడిగిన."

"అన్నీ కడిగినవా, పై వరుస ఇడిసిపెట్టినవా?"

పై వరుస నిజంగానే సరిగా తుడవలేదు. పది రోజులుగా చెయ్యి పైకెత్తితే భుజం దగ్గర ఏదో పట్టేస్తోంది. ఆ మాటే చెబుదామని నోరు తెరిచింది. కానీ బయటికొచ్చింది వేరే మాట. "పదింటికి ఓసీ గని కాడ బ్లాస్టింగ్ అయింది. మల్ల దుమ్ము పడ్డది."

"గట్లయితె మల్లొకసారి తుడ్వాలె గదా" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

పెళ్లై పంతొమ్మిదేళ్లు. ఈ పంతొమ్మిదేళ్లలో తను ఏ పూట ఏ పని చేసిందో పరశురాములుకు ఎప్పుడూ తెలియలేదు. గనుల దుమ్ము నస్పూర్ ఇళ్ల మీద పడటం కొత్త కాదు. ఆరేసిన తెల్లబట్టల మీద, మూత తీసిన పాలగిన్నెలో, మంచం కోళ్ల సందుల్లో, అత్త లస్మవ్వ మందుల డబ్బా మీద, అన్నిచోట్లా పడుతుంది. పొద్దున ఊడ్చి తుడిచిన ఇంటిని మధ్యాహ్నం మళ్లీ తుడవాలి. ఎన్నిసార్లు తుడిచావని ఎవరూ అడిగింది లేదు. ఇప్పుడు మాత్రం ఆమె చేసే వంద పనుల్లో ఒక్క పనిని ఒక యంత్రం కనిపెట్టి, గీత గీసి, ఆమె మొగుడి చేతిలో పెడుతోంది. కడిగిన రోజు ఆ గీత మామూలుగా ఉంటుంది, ఎవరూ ఏమీ అనరు. కడగని రోజు కుంగుతుంది. నేల మీద పడ్డ దుమ్ము దుమ్మే. ప్లేట్ల మీద పడితే అది నష్టం.

ఆ ప్లేట్లు వచ్చింది రెండేళ్ల కింద, మాఘమాసంలో. అంతకు ముందు ఏడాది పొడుగూతా ఇంట్లో ఇదే ముచ్చట. "పదేండ్ల కింద గీ మూడు కిలోవాట్లకు మూడు లక్షల పైన అయ్యేదట. ఇప్పుడు లక్షా తొంభై. అండ్ల డెబ్బై ఎనిమిది వేలు సబ్సిడి వస్తది. ఆరేండ్లల్ల పెట్టిన పైసలు ఎల్లుతయ్. ఆ మీద ఎన్నేండ్లున్నా కరెంటు ఫిరీనే" అని పరశురాములు అన్నం తింటూ చెప్పేవాడు. వాళ్ల వీధిలో ఒక్కొక్క ఇంటి మీదా నీలం పలకలు లేస్తుంటే మెడ ఎత్తి చూసుకుంటూ వచ్చేవాడు. ఆయన తండ్రి బాయిలో దిగి దిగి ఊపిరితిత్తులు చెడిపోయి చనిపోయాడు. ఆయన మోకాలు చిప్ప కూడా బాయిలోనే చితికింది, అందుకే పైన లాంప్‌రూంలో తేలిక డ్యూటీ ఇచ్చారు. బొగ్గు ఇంకెన్నాళ్లుంటుందోనని ఆయనకు లోపల భయం. ఎండను నమ్ముకుంటే ముసలితనంలో ఒక ఖర్చయినా తప్పుతుందని ఆశ. అనసూర్యకు అది అర్థమయింది. ఆమె వద్దనలేదు. నిజానికి రెండు వేలొచ్చే బిల్లు మొదటి నెల నూటయాభైకి దిగినప్పుడు ఆమె కూడా సంతోషపడింది.

కొలతలు తీసుకోవడానికి రాకేశ్ అనే ఏజెంటు వచ్చినప్పుడు ఆమె చాయ్ గ్లాసులు పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది. "అన్నా, స్లాబు వాడుకుంటరా? వాడుకునేటట్టయితె ఎత్తు స్టాండు ఏద్దాం. మనుషులు కిందికెల్లి మంచిగ నడువొచ్చు. కాకపోతె ముప్పై అయిదు వేలు ఎక్కువైతది" అన్నాడు రాకేశ్.

"ఏం వాడుతం? బట్టలారేస్తరు, గంతే. తక్కువ స్టాండే పెట్టు" అన్నాడు పరశురాములు.

బట్టలారేస్తరు, గంతే. ఆ గంతేలో ఆమె పదకొండేళ్లు పోయాయి. ఏటా ఎండాకాలం మొదట్లో మంథని దిక్కు నుంచి రెండు క్వింటాళ్ల మిరపకాయలు తెప్పించి, ఆ స్లాబు నిండా పరిచి, దుమ్ము పడకుండా పాత చీరలు కప్పి, పూటకోసారి కలియబెట్టి, తొడిమలు తీసి, కారం పట్టించి గనుల క్వార్టర్లలో అమ్మేది. బిడ్డ నవత కరీంనగర్ హాస్టల్లో చేరేటప్పుడు పెట్టె, పరుపు, పుస్తకాలు వచ్చింది ఆ కారంలోంచే. సాయంత్రాలు పక్కింటి ఖుద్సియా తన స్లాబు మీదికొస్తే పిట్టగోడకు అటొకరు ఇటొకరు ఆనుకుని, పొయ్యి గుర్తొచ్చేదాకా మాట్లాడుకున్నదీ అక్కడే. ఇవన్నీ పరశురాములుకు తెలియనివి కావు. ఆ కారంతోనే అన్నం తిన్నాడు. అయినా ఎవరో బయటి మనిషి అడిగినప్పుడు ఆయనకు గుర్తొచ్చింది దండెం మీది బట్టలే.

రాకేశ్ వెళ్లాక అడిగింది. "ఎత్తు స్టాండే పెట్టిచ్చుకుంటె అయిపోవు గదా. మిర్పకాయలు ఎక్కడ ఎండవెడుదు?"

"నీ మిర్పకాయల కోసం ముప్పై అయిదు వేలు పెట్టాల్నా? ఎన్నేండ్లకు ఎల్లుతయవి?"

ఆమె దగ్గర లెక్క లేదు. ఎప్పుడూ రాసుకోలేదు. ప్లేట్లు దక్షిణం వైపు సగం స్లాబును మోకాలెత్తున మింగేశాయి. ఆ ఏడు మిగిలిన సగంలోనే ఒక క్వింటాలు పరిచింది. నాలుగు రోజులకు గాలి లేచి మిరప పొట్టు ప్లేట్ల మీద పడింది, యూనిట్లు ఒకటో రెండో తగ్గాయి. "నీ మిర్పకాయల పొట్టంత ప్లేట్ల మీదనే ఉన్నదే! కరెంటు తయారు చేసుడా, కారం తయారు చేసుడా?" అన్నాడు పరశురాములు నవ్వుతూనే. మరుసటేడు ఆమె మిరపకాయలు తెప్పించలేదు. ఎందుకు తేలేదని క్వార్టర్ల ఆడవాళ్లు అడిగితే పానం బాగుండలేదని చెప్పింది. ఆ అబద్ధం ఎవరి పరువు కోసం ఆడిందో ఆమెకే తెలియదు.

కరెంటు ఫ్రీ అయిన దగ్గర్నుంచి ఇంటి పని తీరే మారిపోయింది. పక్క వీధిలో ఉండే ఆడబిడ్డ పద్మలత బకెట్ల నిండా దుప్పట్లు, పిల్లల యూనిఫారాలు తెచ్చి గుమ్మంలో దింపేది. "వదినా, మీకెట్లనో కరెంటు ఫిరీనే గదా. మిషిన్ల ఏసి ఇడిసిపెట్టు, సాయంత్రం వచ్చి తీస్కపోత." మిషన్ ఉతుకుతుంది నిజమే. పిండి ఆరేసేది, ముసురు పడితే పరుగెత్తి తీసేది, మడతలు పెట్టేది మిషన్ కాదు. తర్వాత తర్వాత ఇడ్లీ పిండి రుబ్బుకోవడానికి కూడా ఇక్కడికే వచ్చేది. "పగటిపూట కరెంటు ఊకెనే పోతాంటె పానం ఒప్పుతదా? ఎండున్నప్పుడే అన్ని చేసుకోవాలె" అనేది లస్మవ్వ. ఒకప్పుడు మధ్యాహ్నం రెండు గంటలకు తలుపు దగ్గరికేసి ఒక కునుకు తీసేది అనసూర్య. ఇప్పుడు ఎండ ఉన్నంతసేపూ ఏదో ఒకటి తిరుగుతూ ఉండాలి. ఆ తిరిగే దాని పక్కన ఆమె నిలబడి ఉండాలి.

అన్నిటికంటే ముందు, పొద్దున్నే ప్లేట్లు. వేడెక్కిన అద్దం మీద చన్నీళ్లు పడితే పగులుతుందని రాకేశ్ చెప్పిపోయాడు కాబట్టి ఎండ రాకముందే కడగాలి. బోరు నీళ్లతో కడిగితే ఉప్పు మరకలు పడతాయి కాబట్టి నల్లా నీళ్లే వాడాలి. నల్లా కిందే ఉంటుంది. నాలుగు బకెట్లు, ఇరవై రెండు మెట్లు. ముందు వరుస వంగి తుడవొచ్చు. ఎత్తుగా ఉండే వెనక వరుస అందాలంటే వెనకవైపుకు పోయి, ప్లాస్టిక్ స్టూలెక్కి, కర్రకు కట్టిన గుడ్డతో సాగాలి.

కార్తీకంలో ఒక పొద్దున, రాత్రి కురిసిన మంచుకు బొగ్గు దుమ్ము కలిసి ప్లేట్ల మీద నల్లటి జిగటై పట్టుకుంది. ముందు వరుస అయింది. వెనక వరుసలో ఒకటి అయింది. రెండో దాని కోసం స్టూలు మీద మునివేళ్లపై లేచి కుడిచెయ్యి చాపినప్పుడు భుజం పట్టేసింది. కర్ర జారింది, దాని వెంట స్టూలు జారింది. పడేటప్పుడు చెయ్యి కింద పెట్టింది. మణికట్టులో ఎండు పుల్ల విరిగిన చప్పుడు ఆమెకే వినబడింది.

ప్లేట్ల వెనక, గోడ పక్కన, తడి స్లాబు మీద పడి ఉంది. నడుము లేవనివ్వలేదు. "అత్తా!" అని పిలిచింది. లస్మవ్వకు చెవులు సరిగా వినబడవు, మెట్లు ఎక్కలేదు. ఎండ మెల్లగా వచ్చి ప్లేట్ల మీద పడింది. కాసేపటికి కింద వంటింట్లో ఆమె ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. ఈ వేళకు చేసేది ఆయన ఒక్కడే. ఎత్తకపోతే ఏమైందోనని వస్తాడు, లేకపోతే ఎవరినన్నా పంపుతాడు అనుకుంది. ఆ ఫోన్ అన్నిసార్లు మోగుతుంటే ఆ నొప్పిలోనూ ఆమెకు ధైర్యంగా అనిపించింది. మోగిన ప్రతిసారీ లెక్కపెట్టుకుంది. ఏడుసార్లు.

తడిబట్టలు ఆరేయడానికి వచ్చిన ఖుద్సియా పిట్టగోడ మీద నుంచి చూసి, "యా అల్లా! అనసూర్యా, ఏమైంది నీకు?" అంటూ గోడ దాటి వచ్చేసింది. నడుం పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీద ఆపుతూ, కిందికి దింపి మంచం మీద కూర్చోబెట్టింది. అప్పుడే ఎనిమిదోసారి మోగింది ఫోన్. ఖుద్సియా ఎత్తింది. ఆమె హలో అనేలోపే అవతల నుంచి పరశురాములు గొంతు మంచం దాకా వినబడింది.

"గీత లేస్తనే లేదు. సగమే కడిగి ఇడిసిపెట్టినవా ఏంది? గంట సంది చేస్తున్న, ఫోనెత్తవు!"

"భాయ్, నేను ఖుద్సియాను. మీ ఇంటామె స్లాబు మీద పడ్డది. చెయ్యి ఇరిగింది. జల్ది రాండ్రి."

వచ్చాడు. అది చెప్పకపోతే తప్పవుతుంది. అరగంటలో, ముఖం తెల్లబోయి, ఒంటిమీది డ్యూటీ బట్టలతోనే ఆటో తీసుకుని వచ్చాడు. మంచిర్యాల దాకా గతుకు వచ్చిన ప్రతిచోటా ఆమె చేతి కింద తన చెయ్యి పెట్టాడు. "జర ఓపిక పట్టు, అయిపాయె, అయిపాయె" అన్నాడు. ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చున్నాక జేబులోంచి ఫోన్ తీశాడు. ఎవరికి చేస్తాడోనని ఆమె చూసింది. ఎవరికీ చేయలేదు. వేలితో తెర మీద తడిమి, ఆ గీతను ఒకసారి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు చూశాడో ఆయనకూ తెలియదేమో. అలవాటు. అనసూర్య కళ్లు మూసుకుంది. ఏడుసార్లు మోగిన ఫోన్ తన కోసం మోగలేదని అప్పుడు పూర్తిగా అర్థమైంది.

ఆరు వారాల కట్టు వేశారు. ప్లేట్లు కడగడానికి రాకేశ్ సిద్దిరాములు అనే మనిషిని పంపాడు. ఒకసారి కడిగితే నాలుగు వందలు. ఆయన మొదటి రోజు స్లాబు మీదికెక్కి, ఆ ప్లాస్టిక్ స్టూలును కాలితో పక్కకు నెట్టాడు. "గీని మీద నేనెక్క అన్నా. పడితె ఎవలు జిమ్మేదారి? నిచ్చెన తెప్పియ్యి" అన్నాడు. మరునాడే అల్యూమినియం నిచ్చెన వచ్చింది. సిద్దిరాములు పని చేసి, అనసూర్య ఎడమచేత్తో తెచ్చిచ్చిన చాయ్ తాగి, పైసలు తీసుకుని వెళ్లేవాడు. ఆయన తప్పేం లేదు. పనికి పైసలు తీసుకున్నాడు, అంతే.

నెల తిరిగేసరికి పరశురాములు పరేషాన్ అయ్యాడు. "నాలుగు రోజులకోపారి కడిగిపిస్తె నెలకు మూడు వేలు దాటవట్టె. అండ్ల మిగిలేటిదే రెండు వేలు. గిట్లయితె ఎన్నటికి ఎల్లుతయ్?" అని తల్లి దగ్గర వాపోయాడు.

లోపల గదిలో పడుకుని వింటోంది అనసూర్య. ఆరేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందన్న లెక్కలో అన్నీ ఉన్నాయి. ప్లేట్ల ధర, సబ్సిడీ, యూనిట్ ధర, ఏటా కాసే ఎండ. తన చేతులు లేవు. తన చేతులు ఎండలాంటివే అనుకున్నారు, ఊరికే వచ్చేవి. ఇన్నాళ్లూ అందరూ ఫిరీ ఫిరీ అంటుంటే ఆమె కూడా నమ్మింది. ఈ మాట గట్టిగా అనాలనిపించింది. ఎవరితో అనాలి? హాస్టల్ నుంచి నవత ఫోన్ చేసినప్పుడు మొదలుపెట్టింది. "పో అమ్మా, బాపు నీకోసమే గదా నిచ్చెన గూడ కొన్నడు" అంది ఆ పిల్ల.

కట్టు విప్పిన రెండోరోజే సిద్దిరాములును మాన్పించారు. "మెల్లగ చేసుకో, తొందరేం లేదు. నిచ్చెనున్నది, ఇగ ఫికర్ లేదు" అన్నాడు పరశురాములు ప్రేమగానే. ఆ వారమే ఇంకో మాట తెచ్చాడు. ధరలు ఇంకా దిగాయట. ఇంకో నాలుగు ప్లేట్లు వేస్తే మిగిలిన కరెంటును కరెంటాఫీసు లైనుకే అమ్ముకోవచ్చట. "మిగిలిన సగం స్లాబు ఖాళీగనే ఉన్నది గదా!"

"నాతోని కాదు. చెయ్యి ఇంక గుంజుతనే ఉన్నది" అంది.

"ఆరు కడిగెటోళ్లకు పది కడుగుడు ఓ పనా?"

ఆ మాట అక్కడితో అయిపోయింది. అంటే, ప్లేట్లు వేయడం ఖాయమైపోయింది.

అయితే ఒక చిన్న సంగతి ఉంది. ఇళ్ల జాగలకు పట్టాలిచ్చినప్పుడు ఆడవాళ్ల పేరు మీదే ఇవ్వడంతో, ఈ ఇల్లు అనసూర్య పేరు మీద ఉంది. మీటరూ ఆమె పేరు మీదే. ఆ కాగితాలు బీరువాలో ఎక్కడున్నాయో కూడా ఆమెకు తెలియదు. గురువారం పదకొండింటికి ఆమె బీరకాయ చెక్కు తీస్తుంటే ఆయన ఫోన్ చేశాడు. "నెట్ సెంటర్ల ఉన్నం నేను, రాకేశ్. నీ ఫోన్‌కు ఓటీపీ వస్తది. అంకెలు చెప్పు."

ఫోన్ టింగుమంది. ఆమె చూసింది. ఇంగ్లిషులో, మొదటి మాటే ఆమె పేరు. అనసూర్య గారూ, మీ దరఖాస్తుకు మీరు ఒప్పుకుంటే ఈ అంకెలు చెప్పండి, అన్నట్టుగా ఉంది. ఆమె పదో తరగతి దాకా చదివింది, ఆ మాత్రం అర్థమవుతుంది. రెండుసార్లు చదువుకుంది. ఈ ఇంట్లో దేనికైనా మీరు ఒప్పుకుంటారా అని ఆమెను ఎవరన్నా అడిగారా అని ఆలోచించింది. గుర్తు రాలేదు. ఈ అడిగినదీ మనిషి కాదు.

"వచ్చిందా?"

"రాలే" అంది.

మళ్లీ పంపించారు. మళ్లీ టింగుమంది. "వచ్చిందా?" "రాలే." మూడోసారీ రాలేదంది. వెనక నుంచి రాకేశ్ గొంతు వినబడింది. "నెట్‌వర్క్ ప్రాబ్లం కావచ్చన్నా. మూడుసార్లయితె లాకైతది. సోమారం చేద్దాం తియ్యి."

సాయంత్రం పరశురాములు ఇంటికి రాగానే, "ఏదీ, నీ ఫోన్‌ల ఏం పాడైందో చూద్దాం" అని తీసుకున్నాడు. మధ్యాహ్నమంతా ఆ మూడు మెసేజీలు తుడిచేద్దామా అని అనుకుంటూనే ఉంది అనసూర్య. తుడిచేయలేదు. ఆయన చూశాడు. తలెత్తాడు.

"వచ్చినయ్ గదనే!"

"వచ్చినయ్. మూడుసార్లొచ్చినయ్. నేనే చెప్పలే."

లస్మవ్వ మందులు మింగుతూ ఆగిపోయింది.

"ఎందుకు?"

"ఆ మిగిలిన జాగ నాకు కావాలె."

"దేనికి?"

మిరపకాయలకు అంటే ధర కడతాడు. బట్టలకు అంటే స్టాండు కొనుక్కొస్తాడు. ఖుద్సియాతో మాట్లాడటానికి అంటే వాకిలి లేదా అంటాడు. ఏ పేరు చెప్పినా దానికి ఆయన దగ్గర ఒక సమాధానం, ఒక రేటు ఉంటుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో ఆమె కళ్ల ముందు నడిచిపోయాయి.

"దేనికీ కాదు" అంది. "నాకు కావాలె."

ఆయన నవ్వేశాడు. "ఇన్నవా అవ్వా, దేనికీ కాదట. ఊకెనే కావాల్నట!" లస్మవ్వ నవ్వలేదు. చేతిలోని మాత్ర వంకే చూస్తూ కూర్చుంది. ఆయన నవ్వు కొంచెం పలచబడింది. ఫోన్‌ను మంచం మీద పడేశాడు. "నీతోని లొల్లెందుకు? సోమారం కరెంటాఫీసుకు పోయి నంబరే మార్పిస్త. ఒక్క కాగితంతోని అయితది."

"మార్పియ్యి" అంది అనసూర్య.

మార్పిస్తాడు. ఆమెకు తెలుసు. ఆ కాగితం మీద సంతకం కావాలంటే అదీ ఎలాగోలా చేయిస్తాడు. ఆమె ఎంతసేపు గట్టిగా నిలబడగలదో ఆమెకే నమ్మకం లేదు. వచ్చే నెలకల్లా అక్కడ ఇంకో నాలుగు ప్లేట్లు లేస్తాయి, వాటినీ ఆమే కడుగుతుంది. ఆయన చెప్పులు విడిచి స్నానానికి వెళ్లాడు. అన్నానికి ఎసరు పెట్టాల్సిన వేళ అది. ఆమె అక్కడే నిలబడి, వేళ్లతో లెక్కపెట్టుకుంది. శుక్రవారం, శనివారం, ఆదివారం. సోమవారం పొద్దుటి దాకా ఆ సగం స్లాబు, దేనికీ కాకుండా, ఆమెది.